ఎపియూసియొస్: పరలోక ప్రార్థనలో ఇంకా తేలని ఒక్క మాట

"మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము." పరలోక ప్రార్థన నోటికి వచ్చిన ప్రతి తెలుగు క్రైస్తవుడికీ ఈ వాక్యం తెలుసు. క్రైస్తవులు కాకపోయినా మిషన్ స్కూళ్లలో చదివినవాళ్లు చాలామందికి ఇది ఇప్పటికీ గుర్తుంటుంది. ఇందులో అర్థం కానిది ఏమీ లేనట్టే ఉంటుంది, చిన్నపిల్లలకు కూడా వివరించి చెప్పాల్సిన పని లేదు. కానీ మనం "అనుదిన" అని చదివే చోట గ్రీకులో ఉన్న మాట ఎపియూసియొస్. దానికి అర్థం ఫలానా అని దాదాపు 1800 ఏళ్లుగా పండితులు వాదించుకుంటూనే ఉన్నారు, ఇంకా తేలలేదు. ఏదో మూలన ఉన్న వంశావళిలోని పేరైతే వదిలేయొచ్చు. ఇది యేసు నేర్పిన ప్రార్థన, అందులోనూ కడుపుకు సంబంధించిన ఒకే ఒక్క మనవి.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ఈ మాట మత్తయి 6:11లో ఉంది, లూకా 11:3లో ఉంది, తొలి క్రైస్తవుల బోధల సంకలనం దిదఖేలో ఇదే ప్రార్థనను ఎత్తి రాసిన చోట ఉంది. అంతే. హోమర్ కావ్యాల నుంచి నాటకాలు, చరిత్రలు, ఉత్తరాలు, పన్ను రసీదుల దాకా ఇన్ని వందల ఏళ్ల గ్రీకు రాతల్లో ఈ ప్రార్థనతో సంబంధం లేకుండా ఈ మాట వాడినట్టు నమ్మదగ్గ ఆధారం ఒక్కటీ లేదు. అలెగ్జాండ్రియాకు చెందిన ఓరిగెన్ క్రీ.శ. 233 ప్రాంతంలో ప్రార్థన మీద ఒక గ్రంథం రాశాడు. గ్రీకు ఆయన పుట్టుభాష, చదవని పుస్తకం లేదన్నంత చదువరి. ఈ మాటను పండితులూ వాడలేదు, మామూలు జనం వాడుకలోనూ లేదు, సువార్త రాసినవాళ్లే దీన్ని తయారుచేసినట్టుంది అని ఆయనే చెప్పాడు. సువార్తలు రాసిన 150 ఏళ్లకే, ఆ భాషలోనే పుట్టి పెరిగిన మనిషి ఇలా అన్నాడంటే, ఇవాళ ఎవరైనా "గ్రీకులో దీని అసలు అర్థం ఇది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే కాస్త ఆగి వినాలి.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. యేసు ఈ ప్రార్థనను శిష్యులకు నేర్పింది బహుశా అరమాయిక్‌లో. మత్తయి, లూకా విడివిడిగా దాన్ని గ్రీకులోకి తెచ్చి ఉంటే ఇద్దరికీ లోకంలో ఎక్కడా లేని ఒకే మాట తట్టే అవకాశం లేదు. కాబట్టి ఈ ప్రార్థన గ్రీకు రూపం వాళ్లకంటే ముందే ఏదో ఒక సంఘంలో స్థిరపడి ఉండాలి, ఇద్దరూ దాన్ని అందుకున్నారు. ఆ మొదటి అనువాదకుడు ఎవరో మనకు తెలియదు. మన తలనొప్పికంతా ఆయనే కారణం.

మామూలుగా ఒక మాట అర్థం తెలుసుకోవాలంటే అది వచ్చిన వాక్యాలన్నీ ముందు పెట్టుకుని చూస్తాం. ఇక్కడ ఆ దారి మూసుకుపోయింది గనుక మాటను విడగొట్టి చూడాల్సి వస్తోంది. ఇది చాలా ప్రమాదకరమైన పని. "ఉపవాసం" అనే మాటను తీసుకోండి, ఉప అంటే దగ్గర, వాసం అంటే నివాసం. విడగొడితే "దగ్గర ఉండటం" అని వస్తుంది తప్ప తిండి మానేయడం అనే సంగతి అందులో ఎక్కడా కనిపించదు. వాడుక తెలియని పరదేశి ఎవరైనా ఆ రెండు ముక్కలు చూసి అర్థం కడితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. ఎపియూసియొస్ విషయంలో మనందరం ఆ పరదేశి స్థానంలోనే ఉన్నాం.

అయినా విడగొట్టక తప్పదు. మొదటి దారి ఎపి (పైన, మీద అనే అర్థమిచ్చే ఉపసర్గ), ఊసియా అని విడదీయడం. ఊసియా అంటే ఉనికి, ఉండటం, తత్త్వవేత్తల భాషలో మూలపదార్థం, రోజువారీ భాషలో ఆస్తిపాస్తులు కూడా (తప్పిపోయిన కుమారుడు తండ్రిని పంచమని అడిగింది ఊసియానే, లూకా 15:12). ఈ లెక్కన "బతకడానికి కావలసిన ఆహారం" అనే అర్థం రావచ్చు, లేదా "పదార్థానికి అతీతమైన ఆహారం" అని ఆధ్యాత్మికంగా లాగొచ్చు. ఓరిగెన్ మొగ్గింది ఆధ్యాత్మికం వైపే. రెండో దారి "ఉన్న" అనే క్రియారూపంతో కలిపి, ఇప్పుడున్న రోజుకు, అంటే ఈ పూటకు, ఈ దినానికి అని చెప్పడం. మూడోది ఎపియెనాయ్ అనే క్రియ. దానర్థం పైకి రావడం, దగ్గరపడటం. దాని నుంచి పుట్టిన ఎపియూసా అనే రూపం "రాబోయే రోజు" అనే అర్థంలో గ్రీకులో బాగా వాడుకలో ఉంది. ఆ లెక్కన ఇది "రాబోయే రోజుకు ఆహారం".

ఈ మూడింటిలో వ్యాకరణం మూడోదాని వైపే ఎక్కువ మొగ్గుతుంది. గ్రీకులో ఎపి తర్వాత అచ్చు వస్తే మామూలుగా ఆ ఇకారం పడిపోతుంది. అంటే ఊసియాతో కలిస్తే ఎపూసియొస్ అని రావాలి, ఎపియూసియొస్ అని కాదు. ఇకారం నిలిచిన మాటలు కొన్ని లేకపోలేదు, అబద్ధపు ప్రమాణం చేసేవాణ్ణి ఎపియోర్కొస్ అంటారు. కాబట్టి ఇది తిరుగులేని వాదన కాదు. కానీ ఎపియూసా నుంచి వచ్చిందంటే ఏ మినహాయింపూ వెతుక్కోనక్కర్లేదు, ఇకారం ఆ క్రియ ధాతువులోనే ఉంది. పైగా ఎపియూసా అనే రూపం కొత్త నిబంధనలో ఐదుసార్లు వస్తుంది, ఐదూ అపొస్తలుల కార్యాల్లోనే, అంటే లూకా రాతలోనే. పౌలు త్రోయ నుంచి ఓడెక్కి "మరునాడు" నెయపొలికి చేరాడని 16:11లో మనం చదివేది ఈ మాటే.

"రోజువారీ" అని చెప్పాలనే ఉద్దేశమే అయితే గ్రీకులో మాటలకు కరువు లేదు. అపొస్తలుల కార్యములు 6:1లో విధవరాళ్లకు జరిగే "అనుదిన పరిచర్య" అన్న చోట కథీమెరినొస్ అనే మాట ఉంది. యాకోబు 2:15లో ఆనాటికి భోజనం లేని సహోదరుడి గురించి చెప్పేటప్పుడు ఎఫీమెరొస్ అని ఉంది. రెండూ మామూలు మాటలే, ఎవరికైనా అర్థమయ్యేవి. ఇవి చేతిలో ఉండగా ఎవరూ వినని మాటను ఎందుకు పుట్టించినట్టు? ఇంకొకటి, మత్తయి వాక్యంలో "నేడు" అనే మాట విడిగా ఉంది, లూకాలో "దినదినము" విడిగా ఉంది. ఎపియూసియొస్‌కు కూడా "అనుదిన" అనే అర్థం చెప్తే లూకాలో "రోజూ రోజువారీ ఆహారం" అని ఒకే మాట రెండుసార్లు చెప్పినట్టవుతుంది. తెలుగులో మనం "అనుదినాహారము దినదినము" అని చదివి కూడా అలవాటు కొద్దీ గమనించం. కార్యములు 6:1లోనూ ఇక్కడా తెలుగులో ఒకే "అనుదిన" ఉండటం వల్ల గ్రీకులో అవి రెండు వేర్వేరు మాటలన్న సంగతి మనకు తెలిసే వీలు కూడా లేకుండా పోయింది.

పాత అనువాదకులు ఎంత తికమక పడ్డారో చూస్తే సమస్య తీవ్రత తెలుస్తుంది. 4వ శతాబ్దం చివర్లో జెరోమ్ లాటిన్ సువార్తలను సవరించాడు. మత్తయిలో ఈ మాటను "సూపర్‌సబ్‌స్టాన్షియాలెమ్" అన్నాడు, అంటే పదార్థానికి అతీతమైనది అని. లూకాకు వచ్చేసరికి అదే గ్రీకు మాటను "కోటిడియానుమ్", రోజువారీ అన్నాడు. ఒకే మనిషి, ఒకే ప్రార్థన, ఒకే మాట, రెండు అర్థాలు. జనం మాత్రం గుడిలో జపించేటప్పుడు పాత అలవాటు ప్రకారం రోజువారీ అనే అన్నారు, ఆ పెద్ద మాట పుస్తకంలోనే ఉండిపోయింది. అయితే మధ్యయుగంలో దక్షిణ ఫ్రాన్స్‌లో కథారులనే వర్గం దాన్నే పట్టుకుంది. ఈ భౌతిక లోకమే చెడ్డదని నమ్మేవాళ్లకు రొట్టె కోసం అడగడం కన్నా పదార్థానికి అతీతమైన రొట్టె కోసం అడగడం బాగా నచ్చింది మరి. ఒక అనువాదకుడి ఎంపిక ఎంత దూరం పోతుందో చూడండి.

సిరియాక్ భాష అరమాయిక్‌కు చెందినదే గనుక అక్కడేమైనా ఆధారం దొరుకుతుందేమోనని చూస్తే, పాత సిరియాక్‌లో "నిరంతరం ఉండే ఆహారం" అని ఉంది, తర్వాత వచ్చిన సిరియాక్ బైబిలు అనువాదం పెషిత్తాలో "మా అవసరానికి తగిన ఆహారం" అని ఉంది. కేరళ సిరియన్ క్రైస్తవుల సంప్రదాయం ఈ పెషిత్తాదే. ఈజిప్టులోని కోప్టిక్ అనువాదాలు మాత్రం రాబోయే, రేపటి అనే వైపు వెళ్లాయి. అన్నింటికన్నా ఆసక్తికరమైనది జెరోమ్ మత్తయి వ్యాఖ్యానంలో చెప్పిన సంగతి. హెబ్రీయుల సువార్త అని ఒకటి ఉండేది, ఇప్పుడది దొరకదు, అక్కడక్కడా ఉదహరించిన ముక్కలే మిగిలాయి. అందులో ఈ చోట తాను "మహర్" అనే మాట చూశానంటాడు, అంటే రేపు. అది యేసు నోట వచ్చిన మాటే అని దీన్నిబట్టి చెప్పలేం, ఆ సువార్త కూడా గ్రీకు నుంచే తర్జుమా అయి ఉండొచ్చు. కానీ హెబ్రీ, అరమాయిక్ భాషలు మాట్లాడే తొలి క్రైస్తవుల్లో కొందరు ఈ మనవిని "రేపటి ఆహారం" అనే అర్థం చేసుకున్నారని మాత్రం తెలుస్తోంది. నా దృష్టిలో అది చిన్న సాక్ష్యం కాదు.

మధ్యలో ఒకసారి సమస్య తీరిపోయిందని అందరూ అనుకున్నారు. ఈజిప్టులో ఫయ్యూమ్ ప్రాంతంలోని హవారాలో ఫ్లిండర్స్ పెట్రీ తవ్వకాల్లో దొరికిన పపైరస్ కాగితాల్లో ఒకటి ఇంటి ఖర్చుల చిట్టా. దాన్ని సేస్ అనే పండితుడు చదివి 1889లో అచ్చువేయించాడు. ఆ చిట్టాలో ఒక వరుసలో "ఎపియూసి..." అని మొదలై చివర చెరిగిపోయిన మాట ఉందన్నాడు, దాని పక్కన అర ఒబోలు (చిన్న గ్రీకు నాణెం) ఖర్చు. 1920లలో ఒక స్విస్ పండితుడి కన్ను దాని మీద పడింది. ఇంకేం, పచారీ సరుకుల లెక్కలో ఈ మాట ఉందంటే దానర్థం రోజు బత్తెం అయి ఉండాలి అనుకున్నారు. ఆ తర్వాత వచ్చిన నిఘంటువుల్లోకి, వ్యాఖ్యానాల్లోకి ఈ సంగతి పాకింది. ఒక్కటే లోటు, అసలు కాగితం ఎక్కడుందో ఎవరికీ తెలియదు, మళ్లీ చదివి చూసే దిక్కు లేదు. చివరికి 1998లో అది అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం గ్రంథాలయంలో బయటపడింది. ఇద్దరు డచ్ పండితులు దాన్ని కొత్తగా చదివి మరుసటి ఏడాది ప్రకటించారు. అక్కడున్నది ఎపియూసియొస్ కాదు, ఎలాయూ. అంటే నూనె. అర ఒబోలు పెట్టి ఎవరో నూనె కొనుక్కున్నారు, అంతే. వందేళ్లకు పైగా నిలబడిన ఏకైక బయటి ఆధారం అలా పోయింది, మనం తిరిగి ఓరిగెన్ చెప్పిన చోటికే వచ్చాం.

ఇప్పటికీ కొన్ని ప్రసంగాల్లో, పాత వ్యాఖ్యానాలు చూసి రాసిన పుస్తకాల్లో "తవ్వకాల్లో దొరికిన సరుకుల జాబితాలో ఈ మాట ఉంది" అనే వివరం వినిపిస్తుంటుంది. మంచి ఉద్దేశంతోనే చెప్తారు, కానీ ఆ మాట ఇక చెల్లదు.

మరి ఏమనుకోవాలి? నా మొగ్గు మూడో దారి వైపే, రాబోయే రోజుకు ఆహారం. దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం ఒకటుంది. అదే అధ్యాయంలో, ఇరవై వచనాలు దాటగానే "రేపటినిగూర్చి చింతింపకుడి" అన్న యేసు, రేపటి తిండి ఇవాళే అడగమని నేర్పుతాడా? ఇది బలమైన ప్రశ్నే. ఓరిగెన్ కాలం తర్వాత క్రిసోస్తొమ్ లాంటి బోధకులు దీన్ని ఈ రోజుకు సరిపడా రొట్టె అనే చెప్పారు, ఎక్కువ ఆశపడొద్దని హెచ్చరించారు కూడా. కానీ "రాబోయే రోజు" అంటే ఎప్పుడూ రేపే అవ్వాలని లేదు. ప్లేటో రాసిన క్రీటో సంభాషణలో సోక్రటీసు జైల్లో ఉంటాడు, ఇంకా తెల్లవారదు. అప్పుడు ఆయన వాడిన "ఎపియూసా" రోజు అంటే కాసేపట్లో తెల్లవారబోయే ఆ రోజే. అంటే పొద్దున్నే లేచి ఈ ప్రార్థన చేస్తే అది ఇవాళ్టి తిండి, రాత్రి పడుకునే ముందు చేస్తే రేపటి తిండి. దిదఖే ఈ ప్రార్థనను రోజుకు మూడుసార్లు చేయమంటుంది. యూదుల లెక్కలో రోజు సూర్యాస్తమయంతోనే మొదలవుతుందన్నది కూడా కలుపుకుంటే, ఇవాళ, రేపు అని మనం గీసుకునే గీత వాళ్లకు మన గడియారం గీసినంత గట్టిగా ఉండదు.

ఇంకా ముఖ్యమైనది ఎవరు అడుగుతున్నారన్నది. మత్తయి 20వ అధ్యాయంలో ద్రాక్షతోట కూలీలు పొద్దున్నే అడ్డా మీద నిలబడతారు, రోజుకు ఒక దేనారం కూలి, సాయంత్రం లెక్క తీరుస్తారు. పొద్దుగూకే లోపు కూలి ఇచ్చేయాలని ద్వితీయోపదేశకాండం 24:15 ఆజ్ఞాపిస్తుంది, ఎందుకంటే అతను బీదవాడు, దాని మీదే ప్రాణం పెట్టుకుని ఉంటాడు. అలాంటి ఇంట్లో సాయంత్రం చేతికొచ్చిన డబ్బుతో కొన్న గింజలే మర్నాడు రొట్టె అవుతాయి. "రాబోయే రోజుకు కావలసిన రొట్టె ఇవాళ ఇవ్వు" అంటే ఆ మనిషి ఏడాదికి సరిపడా గాదె నింపమని అడగట్లేదు, ఈ రాత్రి టెన్షన్ లేకుండా కళ్లు మూసుకునేంత అడుగుతున్నాడు. అలా చూస్తే "రేపటి గురించి చింతించకండి" అన్న మాటకు ఇది అడ్డు రాదు, ఆ మాటను పాటించడానికి పేదవాడికి కావలసింది ఇదే. లూకాలోనైతే ప్రార్థన ముగిసిన వెంటనే యేసు చెప్పే ఉపమానం అర్ధరాత్రి స్నేహితుడి తలుపు తట్టి మూడు రొట్టెలు అప్పు అడిగేవాడి గురించి. ఆ ఇంట్లో ఆ పూటకు రొట్టె లేదు.

ఆ ప్రార్థన మొదట విన్న యూదులకు మన్నా, అంటే ఎడారిలో దేవుడు తమ పూర్వీకులకిచ్చిన ఆహారం, గుర్తొచ్చే ఉంటుంది. నిర్గమకాండం 16లో ఏ రోజుది ఆ రోజే ఏరుకోవాలి, మిగుల్చుకుంటే పురుగులు పట్టి కంపు కొట్టేది. ఒక్క ఆరో రోజున మాత్రం రెండింతలు దొరికేది, విశ్రాంతి దినానికి కావలసింది ముందు రోజే ఇచ్చేసేవాడు దేవుడు. అంటే రేపటి రొట్టె ఇవాళే దొరికే రోజంటూ ఒకటి ఇశ్రాయేలీయుల జ్ఞాపకంలో ఉంది, అది విశ్రాంతికి ముందు రోజు. 20వ శతాబ్దంలో యోవాకిమ్ యెరెమియాస్ అనే జర్మన్ పండితుడు ఇంకా ముందుకెళ్లి, ఈ రేపు దేవుని రాజ్యపు రేపు, అప్పటి విందు రొట్టెను ఇప్పుడే రుచి చూపించమని అడగడమే ఈ మనవి అన్నాడు. ప్రార్థనలో దీనికి ముందున్న మనవుల్లో "నీ రాజ్యము వచ్చుగాక" కూడా ఉంది కదా, కాబట్టి ఆ వాదనను కొట్టిపారేయలేను. ప్రభువు బల్ల దగ్గర ఈ ప్రార్థన చెప్పే సంఘాలన్నీ ఏదో ఒక మేరకు ఆ అర్థాన్ని మోస్తూనే ఉన్నాయి. నాకున్న భయమల్లా, ఆత్మసంబంధమైన అర్థం చెప్పే ఉత్సాహంలో తినే రొట్టె కనపడకుండా పోవడం. ఓరిగెన్ దగ్గర జరిగింది అదే, ఆకలి అనేది ఆ ప్రార్థనలోంచి దాదాపు మాయమైంది.

తెలుగు నేల మీద ఇది ఒట్టి పుస్తకాల చర్చ కాదు. 1876-78 కరువులో ఒంగోలు ప్రాంతంలో బకింగ్‌హామ్ కాలువ తవ్వకం పనిలో రోజు కూలికి మట్టి మోసి బతికిన కుటుంబాలున్నాయి, మిషనరీ క్లౌ ఆ కాలువలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వాళ్లకు పని చూపించాడు. తిండి కోసం చేరారన్న మాట రాకూడదని కరువు సాయం నడిచినన్నాళ్లూ ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లు ఈ ప్రార్థనలో ఆహారం అనే మాట పలికినప్పుడు దానికి ఏ వ్యాఖ్యానమూ అక్కర్లేదు.

మన తెలుగు బైబిలు విషయానికొస్తే, అనువాదకుల మీద నాకు ఫిర్యాదు లేదు, ఒక చోటైతే చాలా గౌరవం ఉంది. గ్రీకు "ఆర్తొస్" అంటే రొట్టె. మత్తయి 4:4లో "రొట్టెవలన మాత్రము కాదు" అని రొట్టెనే ఉంచారు, అదే మాటను ప్రార్థనలో "ఆహారము" చేశారు. అన్నమూ సంకటీ తినే జనం నోట "మా రొట్టె" అనిపించలేదు. యోహాను 6:35లోనూ "జీవాహారము నేనే" అని అదే ఎంపిక చేశారు గనుక అనుదినాహారానికీ జీవాహారానికీ ఉన్న బంధం తెలుగులో చెవికి వినపడుతుంది. లూకా 11:3 ఇంకా గమనించాలి: "మాకు కావలసిన అనుదినాహారము దినదినము మాకు దయచేయుము." మత్తయిలో లేని "కావలసిన" ఇక్కడ చేరింది. ఒకే గ్రీకు మాటకు అవసరమైన, అనుదిన అని రెండు అర్థాలూ పక్కపక్కన పెట్టినట్టుంది, పెషిత్తా దారీ లాటిన్ దారీ ఒకే వచనంలో కలిశాయి.

ప్రార్థన పాఠాన్ని మార్చమని నేను అనను, అన్ని నోళ్లలో అన్నేళ్లు నలిగిన వాక్యాన్ని ఎవరూ మార్చలేరు, మార్చక్కర్లేదు కూడా. అడిగేది పేజీ అడుగున ఒక్క గమనిక. ఇంగ్లీషు బైబిళ్లు చాలావాటిలో ఈ వచనం కింద "లేదా, రేపటి ఆహారం" అని చిన్న అక్షరాల్లో ఉంటుంది, 1881 సవరణ ప్రతి నుంచీ అలా ఇస్తూనే ఉన్నారు. తెలుగులో కొత్తగా అచ్చయ్యే ప్రతుల్లో మత్తయి 6:11 కింద "లేదా, రాబోయే దినానికి మాకు కావలసిన ఆహారం, మూలపదానికి అర్థం కచ్చితంగా తెలియదు" అని ఒక్క వరుస వేస్తే చాలు. అది చదివిన పాస్టర్ గారు, సండే స్కూల్ టీచర్ దాని మీద ఏం చెప్పాలో వాళ్లు ఆలోచించుకుంటారు.